డచ్ మ్యాపులు, డచ్ యుద్ధాలు: కొన్ని బజారులో, కొన్ని బీరువాలో

సంక్షిప్తంగా: 1568 నుంచి 1648 దాకా స్పెయిన్‌తో పోరాడిన డచ్ గణతంత్రం, ఆ యుద్ధం నడుస్తుండగానే యూరప్ మొత్తానికి మ్యాపులు అమ్మే దేశంగా ఎదిగింది. కొన్ని మ్యాపులను అచ్చువేసి బాహాటంగా అమ్మింది, కొన్నిటిని ప్రమాణాలు చేయించి మరీ దాచింది. యుద్ధంలో దానికి అక్కరకొచ్చింది మాత్రం ఏదో ఒక గొప్ప మ్యాపు కాదు. కొలతలు ఎప్పటికప్పుడు తీసుకుని, పాత మ్యాపును సరిదిద్దుకునే ఏర్పాటు. గట్లు, కాలువలు చూసుకునే నీటి బోర్డుల్లో, సైన్యంలో, ఈస్టిండియా కంపెనీలో ఆ ఏర్పాటు ఎలా నడిచిందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

తికమక పెట్టే ప్రశ్న

1584లో ఎంక్‌హైజెన్ రేవుకు చెందిన లూకాస్ వాగెనార్ అనే ఓడ పైలట్ పశ్చిమ యూరప్ తీరాల చార్టులను పుస్తకంగా తెచ్చాడు. ఏ రేవులోకి ఎటునుంచి వెళ్లాలి, ఇసుక మేటలు ఎక్కడున్నాయి, నీటి లోతు ఎంత, ఒడ్డున ఏ చర్చి గోపురాన్ని ఆనవాలుగా పట్టుకోవాలి, అన్నీ అందులో ఉన్నాయి. డచ్ తిరుగుబాటు నాయకుడు విలియం ఆఫ్ ఆరెంజ్ హత్య జరిగింది ఆ ఏడాదే. మరుసటి ఏడాది ఆంట్వెర్ప్ నగరం స్పెయిన్ చేతికి చిక్కింది. దేశం నిలబడుతుందో లేదో తెలియని రోజుల్లో, సొంత రేవుల దారులు శత్రువుకు కూడా దొరికేలా అచ్చువేయడం ఏమిటన్న సందేహం సహజమే. అదే దేశం 1602లో పుట్టిన తన ఈస్టిండియా కంపెనీ విషయానికి వచ్చేసరికి, ఆసియా చార్టులను బయటి కంట పడనివ్వలేదు. ఇదేం లెక్క?

జవాబులో సగం వ్యాపారంలో ఉంది. బాల్టిక్ సముద్రం నుంచి వచ్చే ధాన్యం, కలప, తారు లేకపోతే హాలండ్ రేవులు మూతపడతాయి. ఆ ఓడలు క్షేమంగా రావాలంటే దారి అందరికీ తెలియాలి. మిగతా సగం ఆ తీరం స్వభావంలో ఉంది. అక్కడి ఇసుక మేటలు ఒకచోట ఉండవు. అచ్చులో ఉన్న దారి కొన్నేళ్లకే పాతబడుతుంది. రేవు దారుల్లో దారి గుర్తులుగా బోయలు (లంగరు వేసిన పీపాల లాంటివి) తేలుతుంటాయి కాబట్టి, యుద్ధం వస్తే వాటిని తీసేస్తే చాలు. అది ఆ కాలంలో మామూలు రక్షణ చర్య. బోయలు లేనప్పుడు అచ్చు పుస్తకం కంటే, నిన్నమొన్న ఆ దారిలో లోతు కొలిచిన స్థానిక పైలట్ మాటే పనికొస్తుంది. 1588లో ఇంగ్లండ్ మీద దాడికి స్పెయిన్ పెద్ద నౌకాదళం, ఆర్మడా, వచ్చినప్పుడు, దాన్ని కలుసుకోవడానికి డంకర్క్ దగ్గర కాచుకున్న స్పెయిన్ సేనాని పార్మా డ్యూక్ సైన్యం కదలలేకపోవడానికి ఒక ముఖ్య కారణం ఆ లోతులేని నీళ్లే. అక్కడ తేలిగ్గా తిరగగల చిన్న డచ్ ఓడలు దారి కాశాయి. స్పెయిన్ పెద్ద ఓడలు అంత దగ్గరికి రాలేకపోయాయి.

స్పెయిన్ రాజు దగ్గరున్న మ్యాపులు

మంచి మ్యాపులుంటే చాలు, యుద్ధం గెలుస్తారనుకుంటే ఆ యుద్ధం స్పెయిన్ గెలవాలి. తిరుగుబాటుకు పదేళ్ల ముందే, 1558 ప్రాంతంలో, రెండో ఫిలిప్ రాజు యాకబ్ వాన్ డెవెంటర్ అనే సర్వేయర్‌కు పెద్ద పని అప్పగించాడు. నెదర్లాండ్స్ పట్టణాలన్నీ తిరిగి ఒక్కోదానికీ ప్లాను గీయాలి. ఆయన సుమారు 250 పట్టణాలు కొలిచాడు. ఒక సెంటీమీటరుకు దాదాపు 80 మీటర్ల చొప్పున గోడలు, కాలువలు, ద్వారాలు, ఊరి బయటి రోడ్లు అన్నీ గీశాడు. ఆ కాలంలో యూరప్‌లో ఇంత విస్తారంగా, ఒకే పద్ధతిలో పట్టణాలను కొలిచిన పని మరొకటి చూపించడం కష్టం.

ఆ పని ఎంత గొప్పదో, దాని ఉపయోగం అంత తక్కువ. మ్యాపులు అచ్చుకు పోలేదు. 1572లో తిరుగుబాటు ముదిరినప్పుడు వాన్ డెవెంటర్ మెహెలెన్ వదిలి కొలోన్‌కు వెళ్లిపోయాడు. 1575లో అక్కడే చనిపోయాడు. శుభ్రంగా గీసిన ప్రతులు స్పెయిన్ చేరాయి. వాటిలో రెండు సంపుటాలు మాడ్రిడ్‌లో మిగిలాయి. ఈలోగా ఇక్కడ పట్టణాలు మారిపోయాయి. పాత ఇటుక గోడల ముందు మట్టి బురుజులు లేచాయి, కందకాలు వెడల్పయ్యాయి, ఊళ్ల చుట్టూ ఉన్న తోటలు, ఇళ్లు కూల్చేశారు. కొత్త బురుజు కట్టిన రోజే పాత ప్లాను తప్పవుతుంది. దూరాన రాజధానిలో భద్రంగా ఉన్న మ్యాపును సరిదిద్దేవాడు లేడు. ముట్టడిలో ఉన్న సేనానికి అది చేతికి అందేదీ కాదు.

నీళ్ల లెక్కలో పుట్టిన సర్వే

డచ్ వైపు మ్యాపులు గీసే అలవాటు రాజాస్థానంలో పుట్టలేదు, కాలువ గట్ల మీద పుట్టింది. హాలండ్, జీలాండ్ ప్రాంతాల్లో చాలా నేల సముద్ర మట్టం కంటే పల్లం. గట్టు తెగితే ఊళ్లు మునుగుతాయి. అందుకే మధ్యయుగం నుంచే అక్కడ నీటి బోర్డులు ఉండేవి. గట్ల నిర్వహణ ఖర్చును భూమి విస్తీర్ణం ప్రకారం రైతుల మీద వేసేవారు. విస్తీర్ణం తేడా వస్తే తగాదా, తగాదా వస్తే కోర్టు. కాబట్టి కొలత కచ్చితంగా ఉండి తీరాలి. పరీక్ష పాసై, ప్రమాణం చేసిన సర్వేయర్లు పెరిగింది ఈ అవసరం వల్లే.

పద్ధతి కూడా ఆ నేలకు అచ్చంగా సరిపోయింది. గెమ్మా ఫ్రిసియస్ 1533లో త్రిభుజాలతో దేశాన్ని కొలిచే పద్ధతిని వివరించాడు. ఒక చర్చి గోపురం ఎక్కి, అక్కడి నుంచి కనిపించే రెండు మూడు ఊళ్ల గోపురాల వైపు కోణాలు కొలవాలి. తర్వాత ఆ గోపురాలు ఎక్కి మళ్లీ అదే పని చేయాలి. నేల మీద ఒక్క దూరాన్ని గొలుసుతో జాగ్రత్తగా కొలిస్తే, మిగతావన్నీ లెక్కలో వచ్చేస్తాయి. కొండలు అడ్డం లేని చదును నేల, ప్రతి ఊళ్లో ఎత్తయిన గోపురం ఉంటే సర్వేయర్‌కు ఇంకేం కావాలి? లైడెన్ ప్రొఫెసర్ విల్లెబ్రార్డ్ స్నెల్ 1615లో మొదలుపెట్టి, ఆల్క్‌మార్ నుంచి బెర్గెన్ ఆప్ జూమ్ దాకా ఇలాంటి త్రిభుజాల వరస కట్టి, భూమి చుట్టుకొలతనే లెక్కగట్టాడు.

ఈ విద్యను సైన్యంలోకి తెచ్చినవాడు విలియం కొడుకు మారిస్. ఆయనకు లెక్కలు చెప్పిన సైమన్ స్టెవిన్ 1585లోనే దశాంశాలను మామూలు జనానికి పరిచయం చేస్తూ చిన్న పుస్తకం రాశాడు. అది ఎవరికి పనికొస్తుందో చెబుతూ సర్వేయర్లను ప్రత్యేకంగా ప్రస్తావించాడు. 1600లో మారిస్ చొరవతో లైడెన్‌లో ఇంజనీర్ల బడి తెరిచారు. పాఠ్యక్రమం స్టెవిన్ రాశాడు. యూనివర్సిటీ భాష లాటిన్ అయినా ఇక్కడ పాఠాలు డచ్‌లో చెప్పారు. వడ్రంగి కొడుకు, సర్వేయర్ సహాయకుడు కూడా వచ్చి నేర్చుకోవాలన్నది ఉద్దేశం. మారిస్ సంస్కరణలు అనగానే కవాతు, తుపాకుల వరసల గురించే ఎక్కువ మాట్లాడతారు. ఈ బడి ప్రభావం దానికి తక్కువేం కాదు.

మరో సంగతి కొలబద్దకు సంబంధించినది. అప్పట్లో ఊరికో కొలత ఉండేది. ఆమ్‌స్టర్‌డామ్ బద్ద సుమారు 3.68 మీటర్లు, రైన్‌లాండ్ బద్ద సుమారు 3.77 మీటర్లు. తేడా చిన్నదే అనిపిస్తుంది. వంద బద్దల కందకం తవ్వితే తొమ్మిది మీటర్లు తేడా వస్తుంది. కోటల పనిలో రైన్‌లాండ్ కొలత ప్రమాణంగా స్థిరపడటంతో, ఒక ఊళ్లో గీసిన ప్లాను మరో ఊరి ఇంజనీర్‌కు సరిగ్గా అర్థమైంది.

డెన్ బాస్, 1629

ఇవన్నీ ఒకచోట కలిసిన సందర్భం డెన్ బాస్ ముట్టడి. ఈ పట్టణం స్పెయిన్ పక్షాన ఉంది. చుట్టూ చిత్తడి నేల. దొమ్మెల్, ఆ అనే రెండు చిన్న నదులు అక్కడ కలుస్తాయి. శత్రువు వస్తే నీళ్లు వదిలి ఊరిని దీవిగా మార్చుకోవచ్చు. మారిస్ అంతటివాడు 1601లో, 1603లో వచ్చి ఉత్త చేతులతో వెనుదిరిగాడు.

ఆయన తమ్ముడు ఫ్రెడరిక్ హెన్రీ 1629 మే మొదట్లో సుమారు 28,000 మంది సైన్యంతో వచ్చాడు. ముందుగా ఊరి మీద దాడికి పోలేదు. చుట్టూ 40 కిలోమీటర్లకు పైగా మట్టి గట్టు కట్టించాడు. రెండు నదులనూ గట్టు బయటి నుంచి మళ్లించాడు. ఇప్పుడు లోపలికి కొత్త నీరు రాదు. ఉన్న నీటిని మరలతో బయటికి తోడించాడు. చెరువులు ఎండగట్టడంలో పేరున్న యాన్ లీగ్‌వాటర్ ఈ పనిలో ఉన్నాడు. లోతట్టు పొలం నుంచి నీరు తోడే పని హాలండ్‌లో ఏటా చేసేదే. ఇక్కడ అదే పనిని శత్రువు నగరం చుట్టూ చేశారు. నేల ఆరాక దాని మీద కందకాలు తవ్వుకుంటూ ఊరి ముందున్న రెండు కోటల వైపు కదిలారు.

ఇందులో కొలత లేని పని ఒక్కటీ లేదు. గట్టు ఏ వరసన పోవాలో నేల ఎత్తుపల్లాలు చెప్పాలి. ఎక్కడైనా ఒకచోట తక్కువ ఎత్తులో కడితే నీరు అక్కడే దూకుతుంది. గట్టు కోట ఫిరంగికి అందనంత దూరంలో ఉండాలి. అలాగని మరీ దూరం పోతే చుట్టుకొలత పెరిగి కాపలాకు మనుషులు చాలరు. కందకం సూటిగా కోట వైపు పోతే లోపలి నుంచి ఫిరంగి దాని పొడవునా కాలుస్తుంది. అందుకే వంకరలు తిప్పుతూ, ప్రతి వంకర కోణం కోట బురుజుల నుంచి లెక్కగట్టి తవ్వాలి. డచ్ సైన్యంలో ఇంగ్లీషు, స్కాటిష్, ఫ్రెంచ్, జర్మన్ దళాలు ఉండేవి. ఎవరి వాటా ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో ప్లాను మీద తేలితేనే పని సాగుతుంది. తవ్వకానికి సైనికులకు అదనపు కూలి ఇచ్చేవారు. పలుగు పార పట్టడం సైనికుడి మర్యాదకు తక్కువ అనే భావన ఆ కాలపు సైన్యాల్లో బలంగా ఉన్నా, ఈ కూలి డబ్బు దాన్ని పక్కకు నెట్టింది.

స్పెయిన్ సేనాని హెన్రిక్ వాన్ డెన్ బెర్ఖ్ గట్టును ఛేదించలేక, దృష్టి మళ్లించడానికి డచ్ భూభాగంలోకి చొరబడి ఆమర్స్‌ఫోర్ట్ పట్టుకున్నాడు. ఫ్రెడరిక్ హెన్రీ ముట్టడి వదల్లేదు. ఆగస్టులో మరో డచ్ దళం వేజెల్ పట్టణాన్ని హఠాత్తుగా పట్టుకోవడంతో వాన్ డెన్ బెర్ఖ్‌కు వెనుక సరఫరా దెబ్బతింది. సెప్టెంబర్ 14న డెన్ బాస్ లొంగిపోయింది.

దీన్ని 1574 లైడెన్ విముక్తితో పోల్చి చూడాలి. అక్కడ ముట్టడిలో ఉన్నది డచ్ నగరమే. గట్లు తెంపి నీరు వదిలి, బల్లపరుపు అడుగున్న పడవల్లో సాయం పంపాలన్నది ఆలోచన. గట్లు ఆగస్టులో తెంపినా నీరు చాలినంత ఎత్తు రాలేదు. వారాల తరబడి పడవలు దారిలోనే ఆగిపోయాయి. చివరకు సముద్రం వైపు నుంచి గాలి బలంగా వీచి నీటిని లోపలికి తోశాక గానీ అక్టోబర్ 3న నగరానికి తిండి చేరలేదు. 1574లో నీరు గాలి దయ మీద ఆధారపడింది. 1629లో అది ఇంజనీర్ల అదుపులో ఉంది. ఈ 55 ఏళ్ల మధ్య వచ్చిన మార్పే డచ్ సైనిక సర్వే చరిత్ర.

గెలుపును అమ్మిన ప్రెస్సులు

డెన్ బాస్ ముట్టడి మ్యాపులు ఆమ్‌స్టర్‌డామ్ దుకాణాల్లో అమ్ముడుపోయాయి. వాటిలో ముఖ్యమైనది బాల్తాజార్ ఫ్లోరిస్ వాన్ బెర్కెన్‌రోడె గీసింది. ఈయన తండ్రి ఫ్లోరిస్ డెల్ఫ్‌లాండ్, రైన్‌లాండ్, స్కీలాండ్ నీటి బోర్డుల మ్యాపులు గీసిన సర్వేయర్. యుద్ధ దృశ్యాల మ్యాపులూ అచ్చువేశాడు. నీటి బోర్డు, యుద్ధం, అచ్చు వ్యాపారం ఒకే ఇంట్లో నడిచాయి. పోటీ కాపీలు రాకుండా ప్రభుత్వం వీరికి కొన్నేళ్ల ప్రత్యేక హక్కు ఇచ్చేది.

ప్రభుత్వానికీ ఇది లాభమే. యుద్ధం పన్నుల మీద, నగరాలిచ్చే అప్పుల మీద నడుస్తోంది. డబ్బు ఎక్కడికి పోయిందో కళ్లకు కట్టే కాగితం గోడ మీద ఉంటే మళ్లీ అడగడం తేలిక. పైగా ముట్టడి ముగిశాక గట్టు వివరాలు శత్రువుకు తెలిసినా పోయేదేం లేదు.

1672: మ్యాపులో కనిపించని ఎత్తు

ఫ్రాన్స్ రాజు పద్నాలుగో లూయీ 1672 జూన్‌లో రైన్ నది దాటి వచ్చినప్పుడు, డచ్ కోటలు ఒక్కొక్కటీ లొంగిపోయాయి. ఉట్రెక్ట్ కూడా ఫ్రెంచి చేతికి పోయింది. హాలండ్‌ను నిలబెట్టింది మైడెన్ నుంచి గోరిఖెమ్ దాకా నీటితో నింపిన పొలాల పట్టీ. నీరు సైన్యం నడవలేనంత లోతు ఉండాలి, పడవలు తిరగలేనంత తక్కువా ఉండాలి. మోకాలి లోతు కాస్త అటూ ఇటూ. ఆ నీటి కింద మునిగిన గుంటలు, కాలువలు ఎక్కడున్నాయో వచ్చేవాడికి కనపడవు. నీరు నిలవని మిట్టలు, గట్ల మీది రోడ్లు దాడికి దారులు కాబట్టి అక్కడ ఫిరంగులు పెట్టారు.

అచ్చు మ్యాపులకు ఒక పెద్ద లోటు ఉందని ఇక్కడే తెలుస్తుంది. ఆనాటి మ్యాపులు దూరాలు చూపించేవి, ఎత్తులు చూపించేవి కావు. ఏ తూము తెరిస్తే ఏ పొలం ఎంత మునుగుతుందో నీటి బోర్డు ఉద్యోగులకు, తూముల కాపలాదారులకు తెలుసు. ఒక్కో బోర్డుకు ఒక్కో నీటి మట్టం గుర్తు ఉండేది. ఆమ్‌స్టర్‌డామ్ మేయర్ యోహన్నెస్ హుడ్డె నగర మట్టాన్ని రాళ్ల మీద చెక్కించింది 1680లలో, అంటే ఈ యుద్ధం తర్వాతే. కాబట్టి 1672లో సైన్యం చేతిలో ఉన్న మ్యాపు సగం సమాచారమే. మిగతా సగం మనుషుల దగ్గర ఉంది, వాళ్లలో కొందరికి నీరు వదలడం ఇష్టం లేదు. పొలాలు మునిగే రైతులు కొన్నిచోట్ల ఎదురుతిరిగారు. ఆ పరిస్థితిలో వారాల వ్యవధిలో పట్టీ నిలబడటానికి నీటి బోర్డుల పాత రికార్డులు, పాత అలవాట్లే ఆధారం.

డిసెంబర్ చివర్లో నీరు గడ్డకట్టింది. ఫ్రెంచి సేనాని లక్సెంబర్గ్ డ్యూక్ సైన్యం మంచు మీదుగా వచ్చి బోడెగ్రావెన్, జ్వామర్‌డామ్ ఊళ్లను తగలబెట్టింది. అంతలో మంచు కరిగి ముందుకు పోలేక వెనుదిరిగింది.

కంపెనీ మ్యాపుల ఆఫీసు

ఆసియా సముద్రాల దగ్గర కథ వేరు. అక్కడి దారులు మొదట పోర్చుగీసువారి రహస్యం. గోవా ఆర్చిబిషప్ దగ్గర సెక్రటరీగా పనిచేసిన యాన్ హైఖెన్ వాన్ లిన్స్‌కోటెన్ ఆ దారుల వివరాలు సేకరించి తెచ్చాడు. మత గురువు పేత్రుస్ ప్లాన్షియస్ పోర్చుగీసు చార్టులు సంపాదించాడు. 1595లో మొదటి డచ్ ఓడలు జావాకు బయల్దేరింది ఈ సమాచారంతోనే. ఇతరుల రహస్యాన్ని అచ్చులోకి తెచ్చి ఎదిగినవాళ్లకు, తమది బయటపడితే ఏమవుతుందో చెప్పాల్సిన పనిలేదు.

కంపెనీ 1617లో హెస్సెల్ గెరిట్స్‌ను మ్యాపుల ఆఫీసుకు నియమించింది. ఆయన తర్వాత 1633లో విల్లెమ్ బ్లావు, 1638 నుంచి 1673 దాకా ఆయన కొడుకు యోవాన్ బ్లావు ఆ పని చూశారు. ఆఫీసులో ఒక్కో ప్రాంతానికి మూల చార్టు ఉండేది. దాని గీతల వెంట సూదితో సన్నని రంధ్రాలు పొడిచి, ఆ రంధ్రాల మీదుగా తోలు కాగితం మీద ప్రతులు తీసేవారు. ఓడ బయల్దేరేటప్పుడు నావికుడికి చార్టులు లెక్కపెట్టి ఇస్తారు. తిరిగొచ్చాక లెక్క ప్రకారం అప్పగించాలి. పోగొడితే జరిమానా. ఓడ డైరీ కూడా ఇచ్చేయాలి. డైరీలో కొత్త తీరం, కొత్త లోతు, కొత్త ప్రమాదం కనిపిస్తే మూల చార్టు దిద్దుతారు. తర్వాతి ఓడకు పోయేది దిద్దిన ప్రతి. దేశం లోపల నీటి బోర్డు చేసిన పనే ఇక్కడ సముద్రాల స్థాయిలో జరిగింది.

యుద్ధంలో దీని విలువ ఎంతో గోవా దిగ్బంధం చూపిస్తుంది. 1636 నుంచి 1644 దాకా డచ్ నౌకాదళం ఏటా గాలి వాలు చూసుకుని వచ్చి గోవా రేవు ముందు కాచుకునేది. పోర్చుగీసు ఓడలు బయల్దేరే కాలానికి దారి మూసేది. మలక్కా 1641లో, కొలంబో 1656లో, కొచ్చిన్ 1663లో డచ్చివారి చేతికి వచ్చాయి.

కోరమాండల్ తీరం కూడా ఇదే వలలో భాగం. మచిలీపట్నంలో డచ్ వర్తకం 17వ శతాబ్దం మొదట్లోనే మొదలైంది. పులికాట్‌లో 1613లో గెల్డ్రియా కోట కట్టారు. సుగంధ ద్రవ్యాల దీవుల్లో వెండి కంటే ఇక్కడి నూలు బట్టకే గిరాకీ ఎక్కువ కాబట్టి, ఈ తీరం చార్టులు మసాలా యుద్ధానికీ అవసరమే. మచిలీపట్నం దగ్గర నీరు లోతులేక పెద్ద ఓడలు దూరంగా లంగరు వేసేవి. సరుకు చిన్న పడవల్లో ఒడ్డుకు చేరేది. ఎక్కడ లంగరు వేయాలన్న గుర్తే ఇక్కడ అసలు సమాచారం. గోల్కొండతో పేచీ వచ్చి 1686లో డచ్చివారు ఊరిని కొంతకాలం ఆక్రమించారు. డచ్చివారి పేరు మీద వచ్చిన వలందపాలెం ఊళ్లో ఇప్పటికీ ఉంది.

కొలత పనికి ఒక చీకటి ముఖం ఉంది. దాన్ని పక్కన పెట్టి ఈ చరిత్ర చెప్పకూడదు. జాజికాయ పండే బండా దీవులను 1621లో యాన్ పీటర్స్‌జోన్ కూన్ నాయకత్వంలో కంపెనీ సైన్యం ఆక్రమించింది. సుమారు 15,000 మంది ఉండేవారని అంచనా. చంపగా, ఆకలికి పోగా, బానిసలుగా తరలించగా, పారిపోగా కొద్దిమందే మిగిలారు. ఆ తర్వాత తోటలను 68 భాగాలుగా విడగొట్టి కంపెనీ మనుషులకు అప్పగించారు, పనికి బానిసలను తెచ్చారు. హాలండ్‌లో రైతుల మధ్య తగాదా తీర్చడానికి పుట్టిన భూమి లెక్క, ఇక్కడ యజమానులే లేకుండా చేసిన నేలను పంచడానికి పనికొచ్చింది.

అందమైన మ్యాపు, పాత సమాచారం

యోవాన్ బ్లావుది రెండు పడవల ప్రయాణం. ఒకవైపు కంపెనీ రహస్య చార్టుల బాధ్యత, మరోవైపు సొంత ప్రెస్సు. 1662లో ఆయన తెచ్చిన లాటిన్ అట్లాస్ 11 సంపుటాలు, దాదాపు 600 మ్యాపులు. ధనవంతుల ఇళ్లకు అలంకారం. కానీ అందులోని ఆసియా మ్యాపుల్లో చాలావరకు దశాబ్దాల నాటి రాగి పలకలవే. రహస్యం పూర్తిగా దాగిందనీ చెప్పలేం. కంపెనీ నావికుడు టాస్మన్ 1642–44లో చూసిన తీరాలను బ్లావు 1648 ప్రపంచ మ్యాపులోనే గీశాడు. తీరం ఆకారం బయటపడితే కంపెనీ పెద్దగా పట్టించుకున్నట్టు లేదు. లోతులు, గాలులు, లంగరు చోట్లు మాత్రం చేతిరాత చార్టుల్లోనే ఉండిపోయాయి.

పాత మ్యాపుల భారం ఇంగ్లండ్ మీద పడింది. డచ్చివారితో మూడు యుద్ధాలు చేసిన ఆ దేశపు నావికులే చాలాకాలం డచ్ చార్టుల మీద ఆధారపడ్డారు. 1671లో జాన్ సెల్లర్ ఇంగ్లీషు చార్టుల పుస్తకం తెచ్చినప్పుడు కూడా పాత డచ్ పలకలను కొని, మార్పులు చేసి వాడాడు. వాటి పాతదనం గురించి నౌకాదళ అధికారి శామ్యూల్ పీప్స్ ఫిర్యాదు చేశాడు. ఇంగ్లండ్ సొంతంగా తీర సర్వే చేయించుకోవడానికి ఈ అసంతృప్తి ఒక కారణం.

18వ శతాబ్దంలో ఇది తలకిందులైంది. ఫ్రాన్స్ తన ఆసియా చార్టులను 1745లో అచ్చువేసింది. అచ్చులో రావడంతో తప్పులు పట్టి రాసేవాళ్లు పెరిగారు. సవరణలు కంపెనీ ఆఫీసులో కంటే బయటే ఎక్కువ జరగసాగాయి. చివరకు 1753లో ఆమ్‌స్టర్‌డామ్ చార్టుల ప్రచురణకర్త వాన్ కేలెన్ సంస్థ తన సముద్ర అట్లాస్‌లో ఆసియా భాగాన్ని అచ్చువేయడానికి కంపెనీ ఒప్పుకుంది. అప్పటికి దాచిపెట్టడంలో మిగిలిన లాభం చాలా తక్కువ. ఇంగ్లండ్‌తో 1780లో మొదలైన నాలుగో యుద్ధంలో, కోరమాండల్ తీరంలో డచ్ ప్రధాన స్థావరమైన నాగపట్నం 1781లోనే పోయింది. 1784 ఒప్పందంలో అది తిరిగి రాలేదు. ఆ ఓటమికి చార్టులను తప్పుపట్టలేం. ఓడలు, డబ్బు రెండూ తరిగిపోయి ఉన్నాయి. మ్యాపుల విషయంలో మాత్రం నూట అరవై ఏళ్ల క్రితం ఉన్న ఆధిక్యం అప్పటికి డచ్చివారికి లేదు.